జిల్లా విద్యాశాఖాధికారి గారికి: పిల్లల్ని తూచే ముందు మా బడుల్ని తూచండి

గౌరవనీయులైన విశాఖపట్నం జిల్లా విద్యాశాఖాధికారి గారికి నమస్కారాలు.

నేను 22 ఏళ్లుగా ఈ ఊళ్లో పిల్లలకు ఆటలు నేర్పుతున్న పీఈటీని. మొదట ఒక ఎయిడెడ్ బడిలో, తర్వాత ప్రైవేటు బడుల్లో పనిచేశాను. పిల్లల్లో ఊబకాయం రాకుండా చూసే కార్యక్రమం ఏది వచ్చినా ‘మేడమ్, మీరు చూసుకోండి’ అని నా చేతిలోనే పెడుతుంటారు. ఈ లేఖని మీ ఆఫీసుకి వచ్చి ఇవ్వొచ్చు. కానీ ఇందులో ఉన్నవి యాజమాన్యాలు, తల్లిదండ్రులు, నా తోటి టీచర్లు కూడా చదవాల్సినవి. అందుకే అందరి ముందూ పెడుతున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి.

కొన్నేళ్ల కిందట మా బడిలో హెల్త్ క్యాంప్ పెట్టారు. ఆరో తరగతి పిల్లలు 50 మందికి పైగా హాల్లో బూట్లు విప్పి వరసగా నిలబడ్డారు. తూకం మిషన్ దగ్గర నేను, రిజిస్టరు ముందు ఇంకో టీచరు. నేను పేరూ బరువూ గట్టిగా చదివితే ఆవిడ రాసుకోవాలి. పని తొందరగా అవుతుందని అలా పెట్టుకున్నాం. ఒక పాప వంతు వచ్చింది. 58 అని చదివాను. వెనక వరసలోంచి ఎవరో ‘లారీ’ అన్నారు. హాలంతా నవ్వారు. ఆ పాప కూడా నవ్వింది. నవ్వింది కదా, పట్టించుకోలేదనుకుని తర్వాతి పేరు చదివేశాను.

ఆ మరుసటి వారం నుంచి ఆ పిల్ల మధ్యాహ్నం క్యారేజీ తినడం మానేసింది. అన్నం డస్ట్‌బిన్‌లో పారేసి ఖాళీ డబ్బా ఇంటికి తీసుకెళ్తోందని మా ఆయా చూసి చెప్పేదాకా నాకు తెలీదు. సాయంత్రానికి ఆకలి ఆగక గేటు బయట చిప్స్ ప్యాకెట్లు కొనుక్కుని వ్యాన్‌లో తినేది. అంతకుముందు ఖోఖోలో చురుగ్గా పరిగెత్తే పిల్ల. ఆటల పీరియడ్ వస్తే కడుపునొప్పి అని క్లాసులోనే కూర్చోవడం మొదలుపెట్టింది. పిల్లల ఆరోగ్యం కోసమని పెట్టిన కార్యక్రమం ఆ పిల్లకి ఇంటి అన్నాన్నీ ఆటనీ దూరం చేసింది. ఆ అంకె చదివిన గొంతు నాది. ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను.

ఆ రిజిస్టరు ఏమైందో కూడా చెప్తాను. కంప్యూటర్‌లోకి ఎక్కింది, శాతాలయింది, ఫొటోలతో పాటు ఫైల్లోకి వెళ్లింది. వరసలో నిలబడ్డ పిల్లల్లో ఒక్కరిని కూడా డాక్టరు దగ్గరికి పంపలేదు. తర్వాత అనుమానం వచ్చి ఆ మిషన్ మీద 10 కిలోల బియ్యం బస్తా పెట్టి చూస్తే 11 చూపించింది. గోడకి అంటించిన బీఎంఐ చార్టు పెద్దవాళ్లది. కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె బీఎంఐ. పెద్దవాళ్లకైతే ఇంత దాటితే ఎక్కువ అని ఒక గీత గీయొచ్చు. ఎదిగే పిల్లలకి అది కుదరదు. ఎనిమిదేళ్ల పాపకి ఒక గీత, పద్నాలుగేళ్ల అబ్బాయికి ఇంకో గీత ఉంటుంది. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో మన పిల్లల కోసం వయసువారీగా, ఆడపిల్లలకీ మగపిల్లలకీ విడివిడిగా చార్టులు ఇచ్చింది. వాటిని చూడాలని ఆ క్యాంప్‌కి వచ్చినవాళ్లు ఎవరూ మాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇలాంటి తప్పులు మనకంటే ముందు చేసినవాళ్లు ఉన్నారు. సింగపూర్ 1992లో ‘ట్రిమ్ అండ్ ఫిట్’ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. బరువు ఎక్కువున్న పిల్లల్ని విడదీసి వాళ్లకి ప్రత్యేకంగా వ్యాయామం చేయించేవారు. ఆ పేరు పొడి అక్షరాలు టీ, ఏ, ఎఫ్. వెనక నుంచి చదివితే ఎఫ్, ఏ, టీ, అంటే ఇంగ్లిషులో ‘లావు’. పిల్లలు దాన్ని కనిపెట్టకుండా ఉంటారా? ఊబకాయం శాతం తగ్గినట్టు లెక్కలు వచ్చినా, పిల్లల్ని వేలెత్తి చూపించినట్టు అవుతోందన్న విమర్శల మధ్య 2007లో దాన్ని ఎత్తేసి అందరు పిల్లలకీ కలిపి వేరే పద్ధతి పెట్టారు. అమెరికాలో కాలిఫోర్నియా బడుల్లో వేల మంది పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 2021లో వచ్చింది. బడిలో తూచి ఇంటికి రిపోర్టు పంపినందువల్ల బరువు తగ్గలేదు. పైగా బడిలో తూచిన పిల్లలకి తమ ఒంటి మీద అసంతృప్తి పెరిగిందని అందులో తేలింది. మనం మాత్రం ఇంకా హాల్లో వరస కట్టించి మొదలుపెడుతున్నాం.

తూకం వద్దని నేననడం లేదు. సమస్య చిన్నదని అసలే అనడం లేదు. 2016–18లో దేశమంతా జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో 5 శాతం మంది అధిక బరువుతో, 24 శాతం మంది ఉండాల్సిన దానికంటే బక్కగా ఉన్నారు. బడి వయసు పిల్లల్లో పదిమందికి ఒకరికి షుగరు అంచుకు చేరిన లక్షణాలు కనిపించాయి. 5 శాతమే కదా అనిపిస్తుంది. అది పల్లెలూ పట్నాలూ, పేదా గొప్పా కలిపిన సగటు. మన నగరంలో ఫీజులు గట్టిగా కట్టే ఏ బడిలోనైనా అసెంబ్లీ లైను ముందు ఒక ఉదయం నిలబడితే ఆ సగటు ఎంత దాచిపెడుతోందో కనిపిస్తుంది. ఒకే బెంచీ మీద రక్తహీనతతో తెల్లబారిన పాప ఒకవైపు, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే బాబు ఒకవైపు కూర్చుని ఉంటారు. కొన్నిసార్లు ఆ రెండూ ఒకే పిల్లలో ఉంటాయి.

నేనడిగేది, తూకం బడితో మొదలుపెట్టమని. ఏం తినిపిస్తోంది, ఎంత కదలనిస్తోంది, ఎలా మాట్లాడుతోంది అని.

కదలిక గురించే ముందు చెప్తాను, అది నా పని కాబట్టి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు చెమటపట్టేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అంటే వారానికి 420 నిమిషాలు. మా బడిలో ఒక్కో సెక్షన్‌కి వారానికి రెండు ఆటల పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు. అన్నీ జరిగినా 80. ఆ 40 నిమిషాల్లో నిజంగా ఎంత ఆడుతున్నారో చూద్దామని ఒక రోజు స్టాప్‌వాచ్ పట్టుకుని ఏడో తరగతిలో ఒక బాబునే గమనించాను. పుస్తకాలు సర్దుకుని మూడంతస్తులు దిగి లైను కట్టేసరికి 9 నిమిషాలయింది. హాజరు, యూనిఫాం చెకింగ్ అయ్యాక 50 మందికి రెండు బంతులు. తన వంతు కోసం గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చివర్లో చేతులు కడుక్కుని పైకి వెళ్లడానికి ఇంకో 6 నిమిషాలు. వాడు పరిగెత్తింది మొత్తం మీద 7 నిమిషాలు. ఇది మా దగ్గర మంచి రోజు.

చెడ్డ రోజు అంటే పీరియడ్ అసలు జరగని రోజు. ‘మేడమ్, యూనిట్ టెస్ట్ ఉంది, ఈ ఒక్కరోజు నాకిచ్చేయండి’ అని లెక్కల సారు అడుగుతారు. ఆయన్ని నేను తప్పుపట్టను. మార్కులు తగ్గితే యాజమాన్యం అడిగేది ఆయన్నే. పిల్లలు ఆడకపోతే నన్ను అడిగేవాళ్లెవరూ లేరు. తొమ్మిదికి వచ్చేసరికి ఆ ఒక్కరోజు ప్రతి వారం అవుతుంది. పదిలో టైం టేబుల్‌లోంచే పోతుంది. స్టడీ అవర్స్, ఐఐటీ ఫౌండేషన్, సాయంత్రం ట్యూషన్, ఇంటికెళ్లేసరికి ఎనిమిది. ఎనిమిది తర్వాత ఆడమని ఏ పిల్లకి చెప్పను?

స్థలం సంగతి మీకు తెలియంది కాదు. ద్వారకానగర్ నుంచి మధురవాడ దాకా, ఇటు గాజువాక దాకా అపార్టుమెంటు లాంటి భవనాల్లో బడులు నడుస్తున్నాయి. సెల్లార్‌లో వ్యాన్లు, డాబా మీద రేకుల షెడ్డు, మధ్యలో ఐదారు వందల మంది పిల్లలు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో ఆటస్థలం ఉండాలని స్పష్టంగా రాసి ఉంది. గుర్తింపు కాగితాల్లో మాత్రం ఏదో ఒక గ్రౌండ్ కనిపిస్తుంది. ఆ గ్రౌండ్‌ని చూసిన పిల్లలు ఎంతమందో కాగితాల్లో ఉండదు.

ఉన్న చోట కూడా మన ఊరి ఎండ ఉంది. సముద్రపు గాలి అంటారు గానీ మార్చి దాటాక పదకొండు గంటలకి ఆ ఉక్కలో టై, బెల్టు, నల్లబూట్లతో పరిగెత్తిన పిల్ల తర్వాతి మూడు పీరియడ్లూ తడిసిన బట్టలతో కూర్చోవాలి. ఆడపిల్లలకి ఇది ఇంకా కష్టం. బట్టలు మార్చుకోవడానికి గది ఉండదు, బాత్రూంలో నీళ్లు సరిగ్గా రావు. ఏడో తరగతి దాటాక ఒక్కొక్కరూ గ్రౌండ్‌లోంచి జారిపోయి మెట్ల మీద కూర్చుంటారు. సిగ్గు అని పెద్దవాళ్లు అంటారు. నేను అడిగితే చాలామంది చెప్పింది బాత్రూం గురించి.

ఇంకొకటి ఉంది, ఇది మా పీఈటీలే ఒప్పుకోవాలి. హోంవర్కు చేయకపోతే గ్రౌండ్ చుట్టూ ఐదు రౌండ్లు. ఆలస్యంగా వస్తే గుంజీలు. అల్లరి చేస్తే ఆటల పీరియడ్ కట్. పరుగునీ వ్యాయామాన్నీ శిక్షగా వాడేది మనమే, ఆటని బహుమతిలా చూసి లాక్కునేదీ మనమే. ఆ తర్వాత అదే పిల్లని నిలబెట్టి ‘వ్యాయామం చేస్తే ఎంత మంచిదో తెలుసా’ అని స్లైడ్లు చూపిస్తాం. లావుగా ఉన్న పిల్లలకి రౌండ్లు అంటే తోటి పిల్లల ముందు ఆయాసపడుతూ ఆఖర్న రావడం. ఆ అవమానం ఒంటికి పట్టాక ఆట మీద ఇష్టం ఎలా పుడుతుంది? మా బడిలో నేను రౌండ్లు మాన్పించాను. అందుకు స్టాఫ్ రూంలో రెండేళ్లు వాదించాల్సి వచ్చింది.

ఇక తిండి. ఊబకాయం మీద అవగాహన సదస్సు ఒకదానికి నేనే పిల్లల్ని తీసుకెళ్లాను. గంటసేపు నూనె, పంచదార, ఉప్పు గురించి బాగా చెప్పారు. అయిపోయాక బయటికొస్తుంటే ప్రతి పిల్ల చేతిలో ఒక క్రీమ్ బిస్కెట్ ప్యాకెట్టు, ఒక కూల్‌డ్రింక్ పెట్టారు. క్విజ్‌లో గెలిచినవాళ్లకి పెద్ద చాక్లెట్లు. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేయలేదు. పిల్లలకి ఏమివ్వాలి అనగానే మనందరికీ మొదట గుర్తొచ్చేవి అవే. పుట్టినరోజుకి క్లాసంతా చాక్లెట్లు, మంచి మార్కులకి టీచరు చాక్లెట్టు, స్పోర్ట్స్ డే రోజు స్పాన్సర్ ఇచ్చిన డ్రింకు. నెలలో ఎన్ని రోజులు పిల్లల చేతిలో మనమే తీపి పెడుతున్నామో ఒకసారి రాసుకుంటూ వచ్చాను. నెలాఖరుకి పేజీ నిండింది.

కూల్‌డ్రింకుల్లో చాలావాటిలో 100 మిల్లీలీటర్లకి 10 గ్రాములకు పైగా పంచదార ఉంటుంది. 300 మిల్లీలీటర్ల సీసా తాగితే సుమారు ఎనిమిది చెంచాలు లోపలికి వెళ్లినట్టే. రోజుకి 1,600 క్యాలరీలు సరిపోయే పిల్లకి, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, పైనుంచి కలిపే పంచదార 40 గ్రాములు మించకూడదు, 20 లోపు ఉంటే ఇంకా మంచిది. ఒక్క సీసాతోనే ఆ రోజు కోటా దాదాపు అయిపోతుంది. 2025 మేలో సీబీఎస్ఈ తన బడుల్లో ‘షుగర్ బోర్డులు’, అంటే ఏ తిండిలో ఎంత పంచదార ఉందో చూపించే బోర్డులు, పెట్టమని చెప్పింది. మంచి పని. నేను చూసిన ఒక బోర్డు క్యాంటీన్ కౌంటరు పక్కనే ఉంది. బోర్డు మీద ఏ డ్రింకు బొమ్మ ఉందో అదే డ్రింకు కౌంటర్లో అమ్ముతున్నారు.

క్యాంటీన్ ఎందుకు మారదో నాకు తెలుసు. అది కాంట్రాక్టు. నడిపేవాడు అద్దె కడతాడు. ఉడకబెట్టిన శనగలు, అరటిపళ్లు అమ్మితే ఆ అద్దె రాదు, మిగిలితే పాడవుతాయి. ప్యాకెట్ పాడవదు. 2025 సెప్టెంబరు నుంచి బిస్కెట్లు, చాక్లెట్లు, నమ్‌కీన్ల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది, గ్యాస్ డ్రింకుల మీద 40 శాతానికి చేరింది. చవకైన వాటి వైపే పిల్లల చేయి వెళ్తుంది. ఐదు రూపాయలకి దొరికే వస్తువుతో పోటీ పడాలంటే పండు కూడా ఐదు రూపాయలకే దొరకాలి. ఆ తేడా ఎవరో ఒకరు భరించాలి. అద్దె తగ్గించుకుని బడి యాజమాన్యమే భరించాలని నా అభిప్రాయం.

గేటు బయట చట్టం ఉంది. బడి పిల్లల ఆహారం మీద ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో నిబంధనలు తెచ్చింది. కొవ్వు, ఉప్పు, పంచదార ఎక్కువున్న పదార్థాల్ని బడి ఆవరణలో గానీ, గేటు నుంచి ఏ వైపైనా 50 మీటర్ల లోపు గానీ బడి పిల్లలకి అమ్మకూడదు, ప్రకటనలు కూడా పెట్టకూడదు. నేను నడిచి వెళ్లే దారిలో నాలుగు బడులున్నాయి. నాలుగింటి గేట్ల దగ్గరా దండలు దండలుగా ప్యాకెట్లు వేలాడుతుంటాయి. సాయంత్రం నూడుల్స్ బండి, మంచూరియా బండి వచ్చి చేరతాయి. ఆ బండి పెట్టుకున్నాయన మీద నాకు కోపం లేదు. ఆయన పిల్లలూ ఎక్కడో బడిలో చదువుతూనే ఉంటారు. బండి తీయించి పొట్ట కొట్టమని నేనడగను. ఉడకబెట్టిన మొక్కజొన్న, వేరుశనగ, జామకాయ, నూనె లేని మురీ (మరమరాల) మిక్చర్ అమ్మితే అదే చోట ఉండొచ్చని చెప్పి, ఆ మేరకు మన నగరపాలక సంస్థ జీవీఎంసీ నుంచి ఆయనకి ఒక కార్డు ఇప్పిస్తే బాగుంటుంది.

ఇల్లు గురించి మాట్లాడితే తల్లుల్ని తిట్టినట్టు అవుతుందేమోనని భయం. పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చేది వాళ్లే, మాటలు పడేదీ వాళ్లే. ఏడింటికి వ్యాన్ వస్తుంది. ఆరున్నరకి క్యారేజీ సర్దాలి. ఆ టైంలో నూడుల్స్, బ్రెడ్డు జామ్ ఎందుకు పెడుతున్నారని అడిగే ముందు, బడి తొమ్మిదికి కాకుండా ఎనిమిదికి ఎందుకు మొదలవుతోందని కూడా అడగాలి కదా.

ఇంట్లో పెద్దవాళ్ల మాట వేరేగా ఉంటుంది. కంచరపాలెంలో ఒక పిల్లాడి నాయనమ్మతో మాట్లాడటానికి వెళ్లాను. నేను చెప్పిందంతా విని ఆవిడ అంది: ‘ఏటమ్మా, మేం గంజి తాగి పెరిగినోళ్లం. మా గుంటడికి ఇప్పుడు కడుపు నిండా ఉంది. వద్దని లాగేసుకోమంటావేటి?’ నేను ఏమీ అనలేకపోయాను. ఆకలి చూసిన మనిషికి బొద్దుగా ఉన్న మనవడు అంటే గెలుపు. ఆ గెలుపుని జబ్బు అని పిలిస్తే ఆవిడ మనసు మూసుకుంటుంది. రెండోసారి వెళ్లినప్పుడు బరువు మాట ఎత్తలేదు. ఆవిడ చిన్నప్పుడు ఏం తిన్నారో అడిగాను. చోడి (రాగి) అంబలి, ఉలవచారు, సముద్రం పక్కనే కాబట్టి చిన్న చేపలు, తోటకూర. అవి మళ్లీ వండిపెట్టమన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఆ ఇంట్లో సాయంత్రం ప్యాకెట్టు పూర్తిగా పోలేదు గానీ, వారంలో మూడు రోజులు చోడి అంబలి వచ్చింది.

ఇక్కడ ప్రభుత్వ బడులు మాకంటే ముందున్నాయని ఒప్పుకోవాలి. మధ్యాహ్న బడి భోజనంలో గుడ్డు ఉంది, చిక్కీ ఉంది, రాగిజావ 2023 నుంచి వచ్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు అంగన్‌వాడీలకీ, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకీ వెళ్లి పిల్లల్ని పరీక్షిస్తాయి, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపుతాయి. ప్రైవేటు బడుల్లో చదివే పిల్లలకి అలాంటి దారి లేదు. ఫీజు కడుతున్నారు కాబట్టి డాక్టర్ని వాళ్లే చూసుకుంటారులే అనుకుంటాం. ఆటో నడిపి, అప్పు చేసి ప్రైవేటు బడికి పంపే తండ్రికి పిల్లల డాక్టరు ఫీజు, రక్తపరీక్షలు చిన్న ఖర్చు కాదు.

మరి పనిచేసిందేమైనా ఉందా అని మీరడగొచ్చు. కొంత ఉంది, చెప్తాను, ఎక్కువ చేసి చెప్పను. ఇప్పుడు నేనున్న బడిలో మా ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నాక ఆటల పీరియడ్ కాకుండా పొద్దున్న మొదటి గంటకి ముందు 15 నిమిషాలు అందరికీ ఆట పెట్టాం. టీచర్లు కూడా ఆడాలి. స్థలం లేదు కాబట్టి చిన్న స్థలంలో ఆడే ఆటలే తీసుకున్నాం. తొక్కుడుబిళ్ల, నేలాబండా, ఏడు పెంకులాట, కుంటాట. బంతి కోసం క్యూ ఉండదు. ఓడినవాళ్లు బయట కూర్చోకుండా రూల్స్ మార్చాం, ఎందుకంటే ముందు ఔటయ్యేది ఎప్పుడూ లావుగా ఉన్న పిల్లే, కదలాల్సిందీ ఆ పిల్లే. ఇంటర్వెల్‌కి నీళ్ల గంట పెట్టాం, అది మోగితే అందరూ నీళ్లు తాగాలి. క్యాంటీన్‌లో డ్రింకులు తీసేసి మజ్జిగ పెట్టించాం. మొదటి రెండు నెలలు క్యాంటీన్ ఆయన నష్టపోయారు, ఆ రెండు నెలల అద్దె బడి వదులుకుంది. తూకం ఇప్పుడు తెర వెనక జరుగుతోంది. పిల్ల మిషన్‌కి వీపు పెట్టి నిలబడుతుంది, అంకె పైకి చదవం. అవసరమైన ఇంటికి మాత్రమే కవరు వెళ్తుంది. ఆ కవర్లో బరువు ఒక్కటే ఉండదు, ఎవర్ని కలవాలో కూడా ఉంటుంది.

బరువులు తగ్గాయా అంటే, ఒక ఏడాదిలో తగ్గలేదు. తగ్గుతాయని నేను మాటివ్వను కూడా. ఎదిగే పిల్లలకి చాలాసార్లు బరువు తగ్గక్కర్లేదు, ఎత్తు పెరిగేదాకా ఉన్నచోట ఆగితే చాలని పిల్లల డాక్టర్లు చెప్తారు. అది తెలియాలంటే రెండు మూడేళ్లు ఆగాలి. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల 50కి పైగా బడుల్లో ఏడాదిపాటు రోజూ అదనపు వ్యాయామం, వంట పాఠాలు పెట్టి చూశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇల్లు, వీధి, అంగడి మారకుండా బడి ఒక్కటీ చేయలేదని ఆ పరిశోధకులే రాశారు. అది చదివిన రోజు నాకు చాలా దిగులేసింది. తర్వాత ఒక రకంగా ధైర్యం కూడా వచ్చింది. మా బడిలో మూడు నెలల ప్రాజెక్టు పెట్టి, మార్చిలో ‘ఎంత శాతం తగ్గింది’ అని అడిగి, తగ్గలేదని ఆపేసిన కార్యక్రమాలు మూడు నాకు తెలుసు. తగ్గకపోవడం ఆ పిల్లల తప్పు కాదు, ఆ టీచర్ల తప్పూ కాదు. అడిగిన ప్రశ్నే తప్పు.

మన ఊరికి చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు రోడ్డు పొడవునా మూడు లక్షల మందికి పైగా కూర్చున్నారు. మా పిల్లలూ వెళ్లారు, తెల్లవారుజామున రెండింటికి లేచి. అన్ని శాఖలూ కలిసి ఒక్క ఉదయం కోసం అంత చేయగలిగాయి. బడి నడిచేది ఏడాదికి 220 రోజులు. ఆ ఒక్క ఉదయం చూపించిన పట్టుదలలో కొంచెం ఈ 220 రోజులకి పంచమని అడుగుతున్నాను.

అయ్యా, మీ చేతిలో ఉన్నవి కొన్ని అడుగుతాను. బడుల తనిఖీకి వచ్చే మీ అధికారులు టైం టేబుల్‌లో ఆటల పీరియడ్ ఉందా అని చూసి వెళ్లిపోతున్నారు. పిల్లల్ని అడగమనండి, ‘పోయిన వారం ఎన్నిసార్లు కిందకి దిగారు?’ అని. గ్రౌండ్ లేని బడులకి దగ్గర్లోని జీవీఎంసీ పార్కులు, ప్రభుత్వ బడుల మైదానాలు వారంలో ఫలానా రోజు ఫలానా గంట అని కేటాయించేలా కమిషనర్ గారితో మాట్లాడండి. వాటికి బదులుగా ప్రైవేటు బడులు ఆ మైదానాల నిర్వహణకి డబ్బు కట్టాలి, ఉచితంగా వద్దు. హెల్త్ క్యాంపుల్లో పిల్లల బరువు పైకి చదవడాన్ని, క్లాసు గ్రూపుల్లో పెట్టడాన్ని ఆపమని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. దానికి ఖర్చేమీ లేదు. కార్యక్రమం ఏదైనా మూడేళ్లకి తక్కువ కాకుండా ఉండాలని, మొదటి రెండేళ్లు బరువుల శాతం అడగవద్దని రాయండి. ఆ రెండేళ్లూ మమ్మల్ని వేరేవి అడగండి. ఎన్ని నిమిషాలు ఆడించారు, క్యాంటీన్‌లో ఏం అమ్మారు, ఎంతమంది ఆడపిల్లలు తొమ్మిదో తరగతిలో కూడా గ్రౌండ్‌కి వచ్చారు అని.

అన్నిటికంటే ముందు ఆ 50 మీటర్ల సంగతి తేల్చండి. చట్టం కొత్తగా తేవక్కర్లేదు, ఉన్నదే. ఎవరు కొలవాలన్న దగ్గరే ఆగిపోయింది. బడి వాళ్లు గేటు బయట మాకు సంబంధం లేదంటారు, మున్సిపాలిటీ వాళ్లు అది ఆహార భద్రత శాఖ పని అంటారు, ఆ శాఖ వాళ్లు మనుషులు చాలరంటారు.

మా ఆటల సామాను గదిలో లాంగ్ జంప్ కొలిచే 50 మీటర్ల టేపు ఉంది. మీరు గానీ, మీ తరఫున ఎవరైనా గానీ ఏ బడికి వస్తామంటే ఆ బడికి నేను ఆ టేపు పట్టుకుని వస్తాను. సాయంత్రం బడి వదలడానికి పది నిమిషాల ముందు అయితే బాగుంటుంది. ఒక కొస గేటు దగ్గర మీరు పట్టుకోండి, రెండో కొస పట్టుకుని నేను నడుస్తాను.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు,
విశాఖపట్నం